ఎర్రచుక్క కంప్యూటర్ల విషయమై

విద్యాశాఖ అధికారి గారి సముఖమునకు, ఉన్నత పాఠశాల డ్రాయింగు మాస్టారు (అదనపు బాధ్యత: మల్టీమీడియా) విన్నవించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పదో తరగతి విద్యార్థిని ఒకతెకు రావలసిన మల్టీమీడియా ప్రాక్టికల్ మార్కులను నిలిపివేస్తూ తమ కార్యాలయం ఇచ్చిన ఉత్తర్వును రద్దుచేసి, ఈ నెల ఇరవయ్యో తేదీలోగా సదరు మార్కులు విడుదల చేయుట గురించి, వీలుంటే అంతకుముందు ఆమె తీసిన చిత్రాన్ని తమరు ఒక్కసారి పూర్తిగా చూచుట గురించి.

సూచిక: తమరు నాకు పంపిన సంజాయిషీ నోటీసు. ఏడు రోజుల్లో జవాబివ్వమని అందులో ఉంది. తమ కార్యాలయం నుంచి మా బడికి నడిచి వస్తే ఇరవై నిమిషాలు. నోటీసు ఆరో రోజున చేరింది. ఒక్క రోజులో రాస్తున్న జవాబు కనుక కొట్టివేతలు ఉంటే మన్నించగలరు.

1. నేను ఇరవై ఆరేళ్లుగా డ్రాయింగు మాస్టారును. మూడేళ్ల క్రితం తమ శాఖవారు ఉన్నత పాఠశాల విద్యార్థులందరికీ మల్టీమీడియా, సాంకేతిక నైపుణ్యాలు నేర్పవలెనని తీర్మానించి, ఆ పనిని "బొమ్మలతో పరిచయము గల ఉపాధ్యాయునికి" అప్పగించమని ఆదేశించారు. నాకు పరిచయమున్న బొమ్మలు కుండ, కుందేలు, రెండు కొండల మధ్య సూర్యుడు మాత్రమేనని చెప్పుకున్నాను. బొమ్మ బొమ్మే కదా అన్నారు. మూడు రోజుల శిక్షణకు పంపారు. మొదటిరోజు ప్రారంభోపన్యాసాలు, రెండోరోజు కరెంటు లేదు, మూడోరోజు ధ్రువపత్రాలు. ప్రొజెక్టరు ఎలా ఉంటుందో ఒక ఫొటోలో చూపించారు. ఫొటో బాగానే ఉంది.

2. మా బడిలో "మల్టీమీడియా ప్రయోగశాల" అని బోర్డు కట్టిన గది ఒకటి ఉంది. తలుపుకు రెండు తాళాలు. లోపల పన్నెండు బల్లలు, పన్నెండు కుర్చీలు, గోడ వెంట ప్లగ్గులు, కిటికీలకు నీలం తెరలు. కంప్యూటర్లు లేవు. స్టాకు రిజిస్టరులో మాత్రం పన్నెండు ఉన్నాయి. మొదటి వారంలోనే ఈ సంగతి మా ప్రధానోపాధ్యాయుల వారి దగ్గర ఎత్తాను. బడిలో అందరూ ఆయన్ని పెద్దసారు అంటారు.

"ఉన్నాయి మాస్టారూ," అన్నారు ఆయన.

"ఎక్కడున్నాయి సార్?"

"రిజిస్టర్లో ఉన్నాయి కదా. మీరూ చూశారుగా."

"నేర్పాలంటే గదిలో ఉండాలి కదా సార్."

"గదిలో పెడితే పిల్లలు ముట్టుకుంటారు. పాడైతే ఎవరు జవాబు చెప్పాలి, మీరా నేనా?"

రెండు తాళాలు ఎందుకో ఆ రోజు బోధపడింది. ఏమీ లేని గదికే కాపలా గట్టిగా ఉండాలి, లేకపోతే ఏమీ లేదని తెలిసిపోతుంది.

3. అయినా టైంటేబులులో వారానికి నాలుగు పీరియడ్లు ఉన్నాయి. పిల్లలు ఏదో అడుగుతున్నట్టు నా మొహంలోకి చూస్తూ కూర్చుంటారు. ఊరుకోలేక నేర్పడం మొదలుపెట్టాను. అట్ట మీద కీబోర్డు గీసి తలా ఒకటి ఇచ్చాను. ఖాళీ సబ్బుపెట్టె మీద రెండు గడులు గీస్తే మౌసు అయింది. అట్టముక్కలో కిటికీ కోసి, దాని గుండా చూస్తూ ఏది ఫ్రేములో ఉంచాలో, ఏది వదిలేయాలో చెప్పాను. పాత పేపర్లలోని ఫొటోలు కత్తిరించి, వరసగా అతికించి కథ చెప్పమన్నాను. కెమెరా అంటే అద్దం పగిలిన నా ఫోను. పాఠ్యపుస్తకం పద్నాలుగో పేజీలో "కంప్యూటరును ప్రారంభించి, తెర మీద కనిపించినది వ్రాయుము" అని ఉంది. మా పిల్లలు ఊహించి రాశారు. అందరికీ మంచి మార్కులే వచ్చాయి.

నేను పెట్టిన నియమాలు మూడే. మొదటిది, చేతికొచ్చిన ప్రతి వస్తువుకూ ముందు గుర్తు పెట్టాలి. రెండోది, తీసిందంతా మొదటి నుంచి చివరిదాకా చూడకుండా కత్తెర పట్టకూడదు. మూడోది, తీసినదాన్ని కోయొచ్చు గానీ తీయనిదాన్ని తెచ్చి అతికించకూడదు. ఈ మూడూ తమ పాఠ్యపుస్తకంలో లేవు. డ్రాయింగు మాస్టారు సొంత తెలివి.

సదరు విద్యార్థిని తల్లి బడి గేటు పక్కన జిరాక్సు కొట్టు నడుపుతుంది. కొట్టులో ఒక కంప్యూటరు ఉంది. కనుక అప్పటికి మా బడి మొత్తం మీద నిజమైన కంప్యూటరును ముట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే, నాతో సహా లెక్కేసినా. గిరాకీ లేని వేళల్లో అక్కడే వీడియోలు కోసి అతికించడం నేర్చుకుంది. ఆ పిల్లను బడిలో "చుక్క" అంటారు. ఎందుకంటారో వచ్చే అంశంలో తెలుస్తుంది.

4. తమరు తనిఖీకి వచ్చిన రోజు ఉదయం తొమ్మిదింటికి ఒక వ్యాను బడి వెనక గేటు దగ్గర ఆగింది. పాత దుప్పట్లలో చుట్టిన పన్నెండు కంప్యూటర్లు అందులో ఉన్నాయి. మోతకు పదో తరగతి పిల్లలను పిలిచారు. మూడేళ్లుగా అట్ట మీద వేళ్లు అరగదీసిన పిల్లలు వాటిని పసిపిల్లలను దింపినట్టు దింపారు. పెద్దసారు నన్ను పిలిచి, "సార్ వస్తున్నారు. అంతా వీడియో తీయించండి, పిల్లలకి ప్రాక్టీసు కూడా అవుతుంది," అన్నారు. అంతా అన్నారు కనుక పిల్లలు అంతా తీశారు. సంజాయిషీ నోటీసులో దీన్నే "రహస్య చిత్రీకరణ" అన్నారు.

దింపేటప్పుడు ఏ కీబోర్డు ఏ కంప్యూటరుదో కలగాపులగం అవుతోందని సదరు విద్యార్థిని మొదటి నియమం ప్రకారం గోళ్లరంగు తెచ్చి, ఒక్కో దానికీ పక్కన నంబరు వేసి ఎర్రచుక్క పెట్టింది. ఏడో నంబరు దగ్గర ఎవరో చెయ్యి తగిలించారు. ఆ చుక్క ముక్కు కారినట్టు కిందికి జారి అలాగే ఆరిపోయింది. ఆ రోజు నుంచే ఆమె పేరు చుక్క. చుక్కలు పెడుతూనే వ్యాను డ్రైవరుతో మాట్లాడింది. ఆ మాటలు చిత్రంలో ఉన్నాయి.

"అన్నా, ఇవి ఎక్కడివి?"

"ఎక్కడివంటే ఏం చెప్పనమ్మా. నిన్న ఒక బడిలో ఉన్నాయి. మధ్యాహ్నం ఇంకో బడికి పోవాలి."

"అసలు ఏ బడివి?"

"అన్ని బడులవీ. నిజం చెప్పాలంటే వీటికి సొంతిల్లు నా బండే."

పదకొండింటికి తమరు వచ్చారు. ఏడో నంబరును చేత్తో తట్టి, "ఈ బడిలో కంప్యూటర్లు బాగా చూసుకుంటున్నారు. మొన్న చూసిన బడిలో వాటికంటే చాలా నయం," అన్నారు. మొన్న చూసినవి కూడా ఇవేనని అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆలస్యమైనందుకు చింతిస్తూ ఇప్పుడు తెలియపరచుకుంటున్నాను. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేలోపు వ్యాను వెళ్లిపోయింది. గదికి రెండు తాళాలూ పడ్డాయి.

5. రెండు నెలల తరువాత తమ శాఖ ఏటా అచ్చువేసే "ప్రగతి చిత్రాలు" పుస్తకం మా లైబ్రరీకి వచ్చింది. మా తరువాత తనిఖీ జరిగిన ఐదు బడుల ఫొటోలు అందులో రంగుల్లో ఉన్నాయి. ప్రతి ఫొటోలోనూ తమరు ఉన్నారు, తమ పక్కన ముక్కు కారుతున్న ఏడో నంబరు ఉంది. ఒక ఫొటో కింద "నూతనముగా అందజేసిన కంప్యూటర్లు" అని రాశారు. చుక్క ఆ పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టి వేలితో ఐదు చోట్ల చూపించింది. నేను నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. "ఆ బళ్లలో కూడా సబ్బుపెట్టెలే అయ్యుంటాయి కదా సార్," అంది.

అదే నెలలో తమ శాఖ "నా బడి, నా సాంకేతికత" అని విద్యార్థుల చిత్రాల పోటీ పెట్టింది. పిల్లలు పదకొండు మంది కలిసి తీశారు, చుక్క కోసి అతికించింది. చిత్రం ఆరు నిమిషాలు. మొదట గది, బోర్డు, నీలం తెరలు. తరువాత వ్యాను, మోత, చుక్కలు, డ్రైవరు మాట. తరువాత తమ మాట. ఆ తరువాత తమ శాఖ ఫొటోలు ఐదు, ఒకదాని వెంట ఒకటి. వ్యాఖ్యానం ఒక్క ముక్క లేదు. ఫొటోలు ఏ పుస్తకంలోవో చివర పేజీ నంబర్లతో సహా వేశారు.

6. ఈ చిత్రానికి మొదటి బహుమతి ఇచ్చింది నేను కాదు. తమ శాఖ నియమించిన ముగ్గురు సభ్యుల సంఘం ఇచ్చింది. "చిత్రములన్నిటిని ఆద్యంతము వీక్షించి, నిష్పక్షపాతముగా ఎంపిక చేయడమైనది" అని ముగ్గురూ సంతకాలు చేశారు. మొదటి ఫ్రేములో కట్టిన బోర్డు, ఉతికిన తెరలు చూసి ముచ్చటపడి ఉంటారు. అక్కడితో ఆపి ఉంటారు. ఆద్యంతములో ఆది మాత్రం చూశారన్నమాట.

వార్షిక సభలో, నిండు హాలులో, తమ అధ్యక్షతన ఆ చిత్రం వేశారు. మొదటి నిమిషంలో చప్పట్లు పడ్డాయి. వ్యాను కనిపించాక ఎవరో దగ్గారు. డ్రైవరు మాటకు వెనక వరసలు నవ్వాయి. వెనక వరసల్లో కూర్చున్నది ఉపాధ్యాయులు. తమ మూడో ఫొటో వచ్చేసరికి హాలంతా నవ్వింది, నాలుగో నిమిషంలో ప్రొజెక్టరు తీగ పీకేశారు. ఇంత పెద్ద శాఖలో ఒక యంత్రాన్ని అంత చురుగ్గా నడపగా నేను చూడటం అదే మొదటిసారి.

పిల్లలు తమ ముగ్గురినీ మోసం చేశారని సంఘ సభ్యులు మరునాడు ఫిర్యాదు ఇచ్చారట. చూడకుండా చూశామని సంతకం పెట్టినవారిని పదో తరగతి పిల్లలు ఎలా మోసం చేయగలరో నాకు తెలియదు. బహుశా అది కూడా మల్టీమీడియాయే.

7. తరువాత ఉత్తర్వు వచ్చింది. "చిత్రములోని దృశ్యములు మా ఊహలు. పాఠశాలలో కంప్యూటర్లు ఎల్లప్పుడూ ఉన్నవి" అని రాసిచ్చిన విద్యార్థులకు మాత్రమే మార్కులు విడుదల చేస్తారని దాని సారాంశం. పదకొండు మందిలో పది మంది రాసిచ్చారు. గుమాస్తా చెబుతుంటే డిక్టేషనులా రాశారు. వారిని తప్పుపట్టను. పదిహేనేళ్ల పిల్లల చేత అబద్ధం రాయించి దాన్ని క్రమశిక్షణ అన్నవారిని తప్పుపడతాను.

చుక్క రాయలేదు. పెద్దసారు గదికి తల్లిని పిలిపించారు. నేనూ ఉన్నాను.

"రాసివ్వవే. నాలుగు ముక్కలు రాస్తే పోయేదేముంది," అంది తల్లి.

"అది అతికించడం అమ్మా. మనం తీయంది తెచ్చి అతికించకూడదు. సార్ మొదటి క్లాసులోనే చెప్పారు."

"చూశారా మాస్టారూ, ఏం నేర్పారో," అన్నారు పెద్దసారు.

"చూశాను సార్," అన్నాను.

అయ్యా, ఇరవై ఆరేళ్లలో నేను చెప్పిన మాటను ఒక విద్యార్థి ఇంత గట్టిగా పట్టుకోవడం నేను ఎరుగను. గర్వపడ్డాను. ఆ గర్వం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. తమ నోటీసు నకలు తీయించుకోవడానికి ఆ తల్లి కొట్టుకే వెళ్లాను. ఆమె కాగితం మిషనులో పెట్టి, నా వైపు చూడకుండా చెప్పింది.

"మాస్టారూ, అది మీ మాట పట్టుకుని కూర్చుంది. రేపు మిమ్మల్ని ఇంకో బడికి పంపుతారు, అంతే. దానికి సీటు పోతుంది."

సీటు సంగతి ఇది. వీడియో ఎడిటింగు నేర్పే సంస్థ ఒకటి ఆ పిల్లను ఇంటర్వ్యూ చేసి చోటు ఇచ్చింది. ఈ నెల ఇరవయ్యో తేదీ సాయంత్రం ఐదులోగా మార్కుల పత్రం చూపాలి. చూపకపోతే చోటు ఇంకొకరికి పోతుంది. నకళ్లు సరిచూసుకుంటున్నట్టు తలదించుకుని నిలబడ్డాను. అవి రెండే కాగితాలు.

మరునాడు చుక్కను పిలిచి, "ఆ నియమం నేను పెట్టిందే, ఈ ఒక్కసారికి తీసేస్తున్నాను, రాసివ్వు," అన్నాను. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. ఆ పిల్ల నా వైపు జాలిగా చూసింది. "మీకు ఒంట్లో బాగోలేదా సార్," అంది.

8. నాపై తమరు మోపిన మూడు అభియోగాలకు సంజాయిషీ:

రహస్య చిత్రీకరణ గురించి పైన చెప్పాను.

శాఖ ఫొటోలను శాఖ పరువుకు భంగం కలిగేలా వాడుట. ఫొటోలు తీయించుకున్నవారు తమరు, అచ్చువేసినవారు తమరు, బళ్లన్నిటికీ పంచినవారు తమరు. వాటిని వరసగా పెట్టి చూడటమే పిల్లలు చేసినది. వరసగా చూస్తే పోయే పరువు విడివిడిగా ఎన్నాళ్లు నిలుస్తుందో తమరే ఆలోచించాలి.

పాఠ్యాంశములకు మించి బోధించుట. ఒప్పుకుంటున్నాను. పాఠ్యాంశములకు మించకుండా బోధించి ఉంటే ఈ పిల్లలు నేటికీ తెర మీద కనిపించినది ఊహించి రాస్తూ ఉండేవారు, ఎవరికీ ఏ ఇబ్బందీ వచ్చేది కాదు.

9. కావున ప్రార్థించునది ఏమనగా, నన్ను ఏ మూల బడికి బదిలీ చేసినా ఎదురు చెప్పను. కుండ, కుందేలు అక్కడా గీయించుకుంటాను. సదరు విద్యార్థిని మార్కులు మాత్రం ఇరవయ్యో తేదీలోగా ఇప్పించండి. ఆమె రాసివ్వదు. నేను చెప్పినా రాయలేదు, తల్లి చెప్పినా రాయలేదు, తమరు చెప్పినా రాయదు.

ఇంకొక్క మనవి. నాలుగో నిమిషంలో తీగ పీకినందున చివరి రెండు నిమిషాలు ఇంతవరకూ ఏ అధికారీ చూడలేదు. అందులో ఎవరినీ ఎగతాళి చేసింది లేదు. వ్యాను వెళ్లిపోయాక పిల్లలు ఖాళీ బల్లల ముందు కూర్చుని, సంచుల్లోంచి అట్ట కీబోర్డులు తీసుకుని, ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచి పాఠం మొదలుపెడతారు. రెండు నిమిషాలూ అంతే. ఈ అర్జీని చిత్తగించకపోయినా బాధపడను. ఆ రెండు నిమిషాలు చూడవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (ఈ ఉద్యోగంలో ఉన్నంతవరకు),
డ్రాయింగు మాస్టారు

జతపరచినవి: చిత్రం ఉన్న పెన్‌డ్రైవు ఒకటి, "ప్రగతి చిత్రాలు" పుస్తకంలోని ఐదు పేజీల నకళ్లు, సబ్బుపెట్టె ఒకటి.

తా.క.: ఇది రాయొద్దని చుక్క నాతో చెప్పింది. రాస్తున్నాను. దానికి సంజాయిషీ ఆమెకే ఇచ్చుకుంటాను.

తనిఖీ రోజున అందరూ పెద్దసారు గదికి టీకి వెళ్లారు. తమరు కాస్త వెనకబడ్డారు. పిల్లలు వైర్లు చుడుతున్నారు. తమరు ఏడో నంబరు ముందు కూర్చుని, "అమ్మాయ్, దీంట్లో తెలుగులో పేరు ఎలా కొడతారు?" అని చుక్కను మెల్లగా అడిగారు. "ఇంట్లో మనవరాల్ని అడిగితే విసుక్కుంటోంది," అని కూడా అన్నారు. ఆమె చూపించింది. తమరు ఒక్క వేలితో, వత్తు దగ్గర ఆగి, తుడిపి, మళ్లీ కొట్టి, తొమ్మిది నిమిషాల్లో తమ పేరు పూర్తిచేసి నవ్వారు. నా ఫోను కిటికీ గట్టు మీద ఉంది. అంతా తీయమన్నారు కనుక అదీ తీసింది.

చిత్రం కోసేటప్పుడు ఆ ముక్క నేను చూశాను. అయ్యా, దాచుకోను, ఇదే చివర పెట్టమన్నాను. హాలు పగలబడి నవ్వుతుందన్నాను. చుక్క ఒప్పుకోలేదు.

"వద్దు సార్. ఆయన నేర్చుకుంటున్నారు. నేర్చుకునేవాళ్లని చూపించి నవ్వించకూడదు," అని కోసేసింది.

నాలుగో నియమం ఆమెది. నాకు తట్టలేదు. ఆ ముక్క ఆమె దగ్గరే ఉంది. ఈ అర్జీకి జతచేస్తానని అడిగితే ఇవ్వలేదు, ఎవరికీ ఇవ్వదు, తమరు నిశ్చింతగా ఉండవచ్చు. తమరు కొట్టిన పేరు మాత్రం పోకుండా ఆ రోజే ఏడో నంబరులో దాచింది. ఆ కంప్యూటరు ప్రస్తుతం ఏ బడిలో ఉందో డ్రైవరును అడిగి తెలుసుకుని, తెరిచి చూసుకోగలరు. ఫైలుకు ఆమె పెట్టిన పేరు "కొత్త విద్యార్థి".